ప్రాజెక్టుకూ ఓ ముహూర్తం

మా పై వాటాలో నలుగురు ఆడపిల్లలు అద్దెకుండేవారు. కాకినాడలో ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఆఖరి సంవత్సరం. పేర్లు రాయొద్దని ముందే మాట తీసుకున్నారు కాబట్టి ఊళ్ల పేర్లతోనే చెప్తాను. భీమవరం, తుని, రాజోలు, పాడేరు. అన్నట్టు, మావారు కూడా వాళ్లని అలాగే పిలిచేవారు. "తుని ఇంకా రాలేదేం? తొమ్మిదయింది" అంటూ గేటు దగ్గర కాపలా కాసేవారు.

2023 డిసెంబరులో ఓ రాత్రి పైనుంచి గొడవ వినిపించింది. ఆడపిల్లలు నలుగురున్న చోట నవ్వులు మామూలే గానీ ఏడుపు విని కంగారుపడి మెట్లెక్కాను. గదిలో మంచం మీద డబ్బులు లెక్కపెడుతున్నారు.

"ప్రాజెక్టు కొంటున్నాం ఆంటీ" అంది తుని, కిలో కందిపప్పు కొంటున్నామన్నంత తేలిగ్గా.

నాకు అర్థం కాలేదు. రాజోలు విడమరిచి చెప్పింది. ఆఖరి సంవత్సరంలో పిల్లలు జట్లుగా చేరి ఏదో ఒకటి సొంతంగా తయారుచేసి చూపించాలి. దానికి మార్కులు. చెయ్యలేనివాళ్ల కోసం హైదరాబాదులో అమీర్‌పేటలాంటి చోట్ల రెడీమేడ్‌గా అమ్ముతారు. పరికరం, రిపోర్టు, స్లైడ్లు అన్నీ ఇస్తారు. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు ఏమడిగితే ఏం చెప్పాలో కూడా వాళ్లే నేర్పి పంపిస్తారు. తలా నాలుగు వేలు.

"మరి మీరేదో రొయ్యల చెరువుకి అలారం చేస్తామన్నారుగా?"

భీమవరం మొహం అటు తిప్పుకుంది. ఏడ్చింది ఆ పిల్లే.

వాళ్ల నాన్నగారికి రెండెకరాల రొయ్యల చెరువు, కౌలుకి. రాత్రిపూట నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఎండ ఉన్నంతసేపూ ప్రాణవాయువునిచ్చే నాచు కూడా చీకటి పడితే తానే పీల్చుకోవడం మొదలెడుతుంది. అందుకని రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతూ నీళ్లు చిలకాలి. అంతకు ముందు సంవత్సరం ఓ రాత్రి రెండింటికి కరెంటు పోయింది. కాపలా మనిషికి కునుకు పట్టింది. జనరేటరు వేసే దిక్కు లేక తెల్లారేసరికి సగం చెరువు పోయింది. ఆ పిల్ల మూడో సంవత్సరం ఫీజు అందులోదే.

అలారం ఆలోచన అక్కడ పుట్టింది. ఆగస్టులో మొదలెట్టారు. డిసెంబరు వచ్చినా ఒక వైరు కూడా బిగించలేదు. ఎందుకని అడిగితే నలుగురూ నాలుగు కారణాలు చెప్పారు, నలుగురివీ నిజాలే. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్, మిడ్ పరీక్షలు, గైడు సారు చేతికింద బోలెడు జట్లు, దసరా సెలవులు. "చేస్తున్నార్లే" అని ఒకరి మీద ఒకరు పెట్టుకుని కూర్చున్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు కోపమొచ్చింది. నేను చదివింది బి.కాం. ఎలక్ట్రానిక్సులో అ అంటే ఆ తెలీదు. కానీ ఈ గందరగోళం నాకు కొత్తది కాదు. ఇంట్లో ఒక్క శుభకార్యం చేసిన ఏ ఆడదానికైనా తెలిసిందే ఇది. కిందకి వెళ్లి బీరువాలోంచి నా పొడుగు నోటుబుక్కు తెచ్చాను.

అడ్డుతెర సంగతి

అది 2019లో మా ఆడపడుచు పెళ్లికి రాసుకున్న పుస్తకం. ప్రతి పేజీలో నాలుగు గళ్లు. ఏ పని, ఎవరు, ఎప్పటికి, అయిందా లేదా. కొబ్బరి బొండాలు, చిన్నమామయ్య, ముందురోజు సాయంత్రం. వంటవాళ్ల అడ్వాన్సు, మావారు, నెలముందు. ఇలా పందొమ్మిది పేజీలు.

"ఎవరు అన్న గడిలో ఒక్కటే పేరుండాలి" అన్నాను. "ఇద్దరుంటే ఎవరూ లేనట్టే. ఇదిగో చూడండి."

పదకొండో పేజీలో ఒక చోట "అందరూ చూసుకుంటారు" అని నా చేతివ్రాతే ఉంది. దాని ఎదురుగా రాసి ఉన్నది అడ్డుతెర. జీలకర్ర బెల్లం ముహూర్తానికి పంతులుగారు తెర పట్టమంటే అందరూ అందరి మొహాలు చూశాం. చివరికి మా మావగారు భుజం మీది కొత్త ఉత్తరీయం తీసిచ్చారు. ఆయన ఆ రోజంతా ఉత్తరీయం లేకుండానే తిరిగారు. పిల్లలు పగలబడి నవ్వారు. భీమవరం కూడా.

అప్పుడు తుని ఒక మాటంది. "ఇది మాకు సిలబస్‌లో ఉంది ఆంటీ. పెర్ట్, సీపీఎం."

మేనేజ్‌మెంట్ సైన్స్ అని ఒక పేపరుందట. పుస్తకం తెప్పించి చూశాను. గుండ్రాలు, బాణాలు, వాటి మీద అంకెలు. 1957లో అమెరికాలో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ తన కర్మాగారాల పనుల కోసం ఒక పద్ధతి తయారుచేయించిందట. మరుసటేడు ఆ దేశపు నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం ఇంకోటి. ఒక పని అయితేగానీ మొదలుకాని పనులేవి, పక్కపక్కన నడిచేవేవి అని గీసుకుంటారు. మొదట్నుంచి చివరిదాకా అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టే దారి ఏదో కనిపెడతారు. ఆ దారిలో ఒక్కరోజు ఆలస్యమైతే మొత్తం ఒక్కరోజు వెనక్కి పోతుంది. మిగతావాటికి కాస్త వెసులుబాటు. పెళ్లిలో అయితే, మండపం దొరక్కపోతే శుభలేఖ అచ్చుకాదు, శుభలేఖ లేకపోతే పిలుపులు లేవు. టైలరు జాకెట్టు ఆలస్యం చేస్తే పెళ్లికూతురు అలుగుతుంది గానీ పెళ్లాగదు. మనకు తెలిసిన సంగతికే పెద్ద పేరు పెట్టారు, అంతే.

ఆ పేపర్లో తునికి మంచి గ్రేడు వచ్చిందట. "మరి మీ ప్రాజెక్టులో ఆ పొడుగుదారి ఏదే?" అని అడిగాను. బదులు లేదు. పరీక్షలో లెక్క చెయ్యడమే గానీ దాన్ని తమ పనికే వాడుకోవచ్చని ఒక్కరికీ తట్టలేదు. నాకు ఆశ్చర్యం వేసింది అక్కడే.

సరే, మనం చేసినట్టే ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నాను. "వైవా ఏప్రిల్లో ఆంటీ, బోలెడు టైముంది" అంది రాజోలు. కానీ భీమవరం వేళ్లు మడిచి లెక్కపెట్టి ఉలిక్కిపడింది. చెరువులో సీడు వేసింది డిసెంబరు మొదట్లో. మార్చి ఆఖరుకల్లా పట్టుబడి. ఆ తర్వాత చెరువు ఎండగడతారు, ఏరియేటర్లు గట్టెక్కుతాయి. ఇంక అలారం ఎక్కడ పెట్టి చూస్తారు? కాబట్టి అసలు ముహూర్తం వైవా కాదు, మార్చి మొదటి పక్షం. 2024 మార్చి 8 శుక్రవారం శివరాత్రి. మర్నాడు శనివారం రాత్రికి చెరువు గట్టు మీద పరీక్ష అని ఖాయం చేసుకున్నారు. మధ్యలో మిగిలింది పన్నెండు ఆదివారాలు. అందులో ఒకటి భోగి.

మంచం మీది డబ్బులు ఎవరివి వాళ్లు తీసుకున్నారు.

వద్దనుకోవడమే కష్టం

మర్నాడు వాళ్లు రాసి తెచ్చిన జాబితా చూసి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నీటిలో ప్రాణవాయువు కొలిచే సెన్సరు, ఫోన్లో యాప్, సోలార్ పలక, జనరేటరు దానంతటదే మొదలయ్యే ఏర్పాటు. పన్నెండు ఆదివారాల్లో!

"చెరువాయన్ని అడిగారా, ఆయనకేం కావాలో?" అన్నాను. అడగలేదు. సొంత నాన్నే, అయినా అడగలేదు. వెంటనే ఫోన్ స్పీకర్లో పెట్టించాను. ఆయన రెండు నిమిషాల్లో తేల్చేశారు.

"కరెంటు పోతే నాకు తెలియాలమ్మా. మూడు ఫేజుల్లో ఒక్కటి పోయినా తెలియాలి, మోటార్లు కాలిపోతాయి. మెసేజీ వద్దు, నిద్రలో ఎవడు చూస్తాడు? ఫోన్ మోగాలి. అంతే."

ఎంత చక్కగా చెప్పాడో చూడండి. సెన్సరు కొట్టేశారు, అది చాలా ఖరీదు కూడాను. యాప్ కొట్టేశారు. సోలారు కొట్టేస్తుంటే రాజోలు అలిగింది, అది తన ఆలోచన. మిగిలింది మూడు ఫేజుల్లోనూ కరెంటుందా లేదా చూసే చిన్న సర్క్యూటు, సిమ్ వేసి ఫోను చేసే బోర్డు, కరెంటు పోయినా ఇది మాత్రం నడవడానికి ఒక బ్యాటరీ. వైర్లు తగిలించడం మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియనే చెయ్యాలని నేను పట్టుబట్టాను. మూడు ఫేజుల కరెంటుతో ఆటలా?

ఆదివారం సాయంత్రం ఐదింటికి మా వరండాలో సమావేశం. టీ, ఉల్లి పకోడీలు నావి. మూడే ప్రశ్నలు. పోయిన వారం ఏం అయింది, ఈ వారం ఏం చేస్తావు, అడ్డం ఏమిటి. ఇది నేను కనిపెట్టాననుకుని మురిసిపోయాను గానీ, హైదరాబాదులో సాఫ్ట్‌వేరు చేసే మా తమ్ముడు విని నవ్వాడు. వాళ్ల ఆఫీసుల్లో రోజూ పొద్దున్నే నిలబడి ఇవే అడుగుతారట. నిలబడటం ఎందుకంటే కూర్చుంటే కబుర్లలో పడతారని.

"తొంభై శాతం అయింది ఆంటీ" అనే మాట మాత్రం నిషేధించాను. అన్నం తొంభై శాతం ఉడికిందని వడ్డిస్తామా? అయిందా, కాలేదా. మధ్యలో ఏమీ లేదు.

ఇంకో గడి కూడా గీశాం. ఎన్ని రోజులు పడుతుందనుకున్నావు, నిజానికి ఎన్ని పట్టింది. నాలుగు రోజులన్న ప్రోగ్రాము పదకొండు రోజులు పట్టింది. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు గానీ ఇది వాళ్ల ఒక్కళ్ల జబ్బు కాదు. 1994లో అచ్చయిన ఒక పరిశోధన ఉందని తమ్ముడే చెప్పాడు. కెనడాలో డిగ్రీ ఆఖరి సంవత్సరం విద్యార్థుల్ని థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారట. పట్టింది 55. అనుకున్న రోజుకి ముగించినవాళ్లు మూడోవంతు కూడా లేరు. నా కథలు కూడా అంతేగా, వారంలో పంపిస్తానని సంపాదకుల్ని ఎన్నిసార్లు నమ్మించానో.

జనవరి ఆఖరున పెద్ద దెబ్బ తగిలింది. ఫోను చేసే బోర్డు ఎంతకీ పలకడం లేదు. విప్పారు, బిగించారు, ఇంకోటి కొన్నారు. ఏడు రోజులు పోయాక తెలిసింది, ఆ బోర్డు పాత 2జీది, వీళ్లు వేసింది 4జీ మాత్రమే ఉన్న సిమ్ అని. ఇంకో కంపెనీ సిమ్ వేస్తే మొదటి గంటకే నా ఫోన్ మోగింది. ఆ వారం పోగానే తుని ఇంకో ఇద్దరు స్నేహితుల్ని సాయం పిలుద్దామంది. మా తమ్ముడు ఫోన్లోనే వద్దన్నాడు. 1960ల్లో ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేరు పని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో "ది మిథికల్ మ్యాన్-మంత్" అనే పుస్తకంలో రాసింది ఇదేనట. వెనకబడిన పనికి కొత్తవాళ్లని కలిపితే వాళ్లకి నేర్పడంలోనే ఉన్నవాళ్ల రోజులు పోయి పని ఇంకా వెనకబడుతుందని. దీనికి నాకు పుస్తకం అక్కర్లేదు. వంటింట్లోకి పదిమంది వచ్చినంత మాత్రాన దోసెల పిండి తొందరగా పులుస్తుందా?

ఖాళీగా ఉన్న గడి

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి.

ప్రోగ్రాము బాధ్యత పాడేరుది. ప్రతి ఆదివారం "చేస్తున్నా ఆంటీ" అనేది. అడ్డం ఏమిటన్న గడి ఎప్పుడూ ఖాళీ. సంక్రాంతి వెళ్లిన ఆదివారం నాకు ఒళ్లు మండింది. "ఇంటికెళ్లి పండగ బాగా చేసుకున్నట్టున్నావు" అని అందరి ముందూ అనేశాను. ఆ పిల్ల తల వంచుకుని పకోడీ ముట్టకుండా మెట్లెక్కిపోయింది.

రాత్రి నీళ్ల మోటారు వెయ్యడానికి వెళ్తే మెట్ల మీద ఒక్కత్తే కూర్చుని ఉంది. ఒళ్లో తెల్లకాగితాలు. ప్రోగ్రామంతా పెన్సిలుతో కాగితం మీద రాస్తోంది! లాప్‌టాప్ నవంబరులోనే పాడైందట. బాగుచెయ్యడానికి ఐదు వేలు పైన అవుతుందన్నారట. ఇంట్లో అడగలేదు. స్నేహితుల్ని అడిగితే జాలిపడతారని అడగలేదు. మిగతా ముగ్గురూ నిద్రపోయాక రాజోలు లాప్‌టాప్ తీసి కాగితం మీదిది ఎక్కించి, తప్పులు చూసుకుని, పొద్దున్నే మళ్లీ దాని చోట దాన్ని పెట్టేసేది.

నాకు నోట మాట రాలేదు. ఆ పిల్ల పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు కూడా.

గళ్లు గీయడం ఎవరైనా నేర్పుతారు. "నా వల్ల కావడం లేదు" అని ఒక పిల్ల భయం లేకుండా చెప్పగలిగే చోటు ఏర్పాటు చెయ్యకపోతే ఆ గళ్లన్నీ అబద్ధాలతోనే నిండుతాయి. నలుగురి ముందూ నిలదీసి అడిగితే ఎవరు చెప్తారు? అత్తవారింట్లో కొత్తలో "కూర మాడింది" అని మనం చెప్పామా, గిన్నె మార్చి వడ్డించాం గానీ. ఆ తర్వాత నేను శనివారం నాడే ఒక్కొక్కళ్లనీ విడిగా పలకరించేదాన్ని. బట్టలు ఆరేసేటప్పుడో, కూరలు తరిగేటప్పుడో.

పనులు మార్చాం. ప్రోగ్రాము రాజోలు తీసుకుంది. పాడేరు చేతికి సోల్డరింగ్ వచ్చింది. అంత సన్నటి పని అంత నిదానంగా చేసే చెయ్యి నేను చూడలేదు. మా మిక్సీ కూడా బాగుచేసి పెట్టింది.

ఈ మధ్యలోనే ఓ రోజు మావారు ఇ.శ్రీధరన్ గారి సంగతి చెప్పారు. కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించిన ఆయన ఇంజినీరింగ్ చదివింది మా కాకినాడలోనే, ప్రభుత్వ కాలేజీలో. 1964 డిసెంబరు తుఫానుకి పాంబన్ రైలు వంతెన కొట్టుకుపోతే, ఆరు నెలలు గడువిచ్చిన పనిని ఆయన 46 రోజుల్లో చేయించారు. ఢిల్లీ మెట్రో కట్టే చోట్ల ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపించే బోర్డులు పెట్టించారు. అంతే, మర్నాటినుంచి మా ఫ్రిజ్ మీద చాక్‌పీసుతో అంకె. 38, 37, 36. పాలవాడు కూడా అడిగేవాడు, ఏమిటమ్మా ఈ లెక్కని.

ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ, పట్టా పుచ్చుకునే ప్రతి విద్యార్థికీ రావలసిన నైపుణ్యాల జాబితాలో ప్రాజెక్టు నిర్వహణని కూడా చేర్చింది. మంచిదే. కానీ మార్కులు ఆఖరు రోజు బల్లమీద పెట్టిన వస్తువుకీ, బైండు చేసిన రిపోర్టుకీ పడుతున్నంతకాలం, దాన్ని నడిపించిన తీరుని ఎవరడుగుతారు? కొన్నదీ చేసిందీ బల్లమీద ఒకేలా ఉంటాయి. వారం వారం రాసుకున్న పుస్తకానికి సగం మార్కులు పెట్టి చూడమనండి. పుస్తకాన్ని ఒక్కరోజులో కొనలేరు. నాలుగో ఏడు దాకా ఆగకుండా రెండో ఏడులోనే మూడు వారాల చిన్న పని ఒకటిస్తే, మొదటిసారి తప్పులు అక్కడే అయిపోతాయి.

మనమూ తక్కువ తినలేదు. "పాపం చదువుకుంటున్నాడు, పని చెప్పకు" అని ఇరవై ఏళ్ల కొడుకుని కుర్చీలోంచి లేవనివ్వం. అమ్మాయికి పని చెప్తాం గానీ పురమాయించే అధికారం ఇవ్వం. వచ్చే సత్యనారాయణ వ్రతమో, తిరుపతి ప్రయాణమో టిక్కెట్ల నుంచి తాంబూలాల దాకా వాళ్లకి వదిలేసి చూడండి. ఒకటి రెండు మర్చిపోతారు. మర్చిపోనివ్వండి.

శివరాత్రి మర్నాడు నేనూ భీమవరం వెళ్లాను, పిల్లల్ని ఒంటరిగా చెరువు గట్టు మీదికి ఎలా పంపుతాను? వరసగా రెండో జాగారం. పదకొండింటికి ఎలక్ట్రీషియన్ మెయిన్ తీశాడు. ఏరియేటర్లు ఆగిపోయాయి. అంత చీకట్లో ఆ నిశ్శబ్దం ఎంత భయంగా ఉందో చెప్పలేను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఫోన్ మోగలేదు. వెంటనే కరెంటు వేయించేశారు. గట్టు వారన సిగ్నలు లేదు. పాడేరు పెట్టె తీసుకుని షెడ్డు పైకప్పు మీదికి ఎక్కింది. మళ్లీ తీశారు. ఈసారి అరనిమిషానికే మోగింది. ఆయన ఎవరో తెలియని నంబరని అలవాటుగా కట్ చేసేశారు! మూడోసారికి ముందు ఆ నంబరుకి "చెరువు" అని పేరు పెట్టించాం.

వైవాలో ఎగ్జామినరుగారు పెట్టెని అటూ ఇటూ తిప్పి "ఎక్కడ కొన్నారు?" అన్నారట. పిల్లలు మాట్లాడకుండా నూనె మరకల నోటుబుక్కు ఆయన ముందు పెట్టారు. ఐదు నిమిషాలు చదివి, అడ్డుతెర అంటే ఏమిటని అడిగారట. మార్కులు బాగానే వచ్చాయి. కొనుక్కొచ్చిన రోబో జట్టుకి ఇంకో నాలుగు ఎక్కువే వచ్చాయని తుని ఇప్పటికీ సణుగుతుంది.

ఆ పెట్టెలో వానాకాలం చెమ్మ చేరి ఒకసారి పాడైంది. పాడేరు వెళ్లి బాగుచేసి, వేరే డబ్బాలో బిగించి వచ్చింది. నా నోటుబుక్కు మాత్రం తిరిగి రాలేదు. మొన్న తుని ఫోన్ చేసింది, వాళ్లక్క పెళ్లట.

"అన్నీ రాశాను ఆంటీ. అడ్డుతెర ఎవరి పేరున రాయమంటారు?"

"నీ పేరునే రాసుకో" అన్నాను.